పూతంతా కాపు కాదు

పోయిన క్రిస్మస్ సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన మొదటి వారంలో నా క్లాస్‌మేట్ ఒకామె నన్నొక ప్రశ్న అడిగింది. "మీ చర్చిలో అందరూ ఆత్మీయంగా ఎదగాలి, ఎదగాలి అంటున్నారు కదా. ఒక మనిషి ఎదిగిందని ఎట్లా తెలుస్తుంది? కొలిచేదానికి ఏమైనా ఉందా?"

ఆమె హిందువు. మా మత్తూరులో క్రిస్మస్ ఆరాధనకు నేనే పిలిస్తే వచ్చింది. ఎగతాళికి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను మాత్రం "ప్రార్థన ఎక్కువ చెయ్యాలి, బైబిల్ ఎక్కువ చదవాలి, అంతే" అని ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఎందుకు తప్పించుకున్నానో చివర్లో చెప్తాను. ముందు ఆమె ప్రశ్నకు జవాబు రాయాలి. మన గోడపత్రిక చదివేవాళ్ళలో అన్ని మతాల అక్కలూ చెల్లెళ్ళూ ఉన్నారు కాబట్టి, చర్చిలో వాడే మాటల్ని కొంచెం విప్పి చెప్తాను.

పుట్టడం వేరు, ఎదగడం వేరు

క్రైస్తవుల ఇళ్ళలో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి మారుమనస్సు. పోతున్న దారి తప్పని తెలుసుకుని మనసును వెనక్కి తిప్పుకోవడం అని దాని అర్థం. రెండోది రక్షణ. దేవుడు మనిషిని క్షమించి తన బిడ్డగా చేర్చుకోవడం. ఈ రెండూ జరిగాయని నలుగురి ముందు ఒప్పుకునేదే బాప్తిస్మం. అది ఒక్క రోజులో అయిపోతుంది, ఫోటో కూడా తీసుకోవచ్చు. కొత్తగా పుట్టినట్టు అంటారు దాన్ని.

పుట్టిన బిడ్డ ఎదగాలి కదా. ఆ ఎదుగుదలకు ఒక తేదీ, ఫోటో ఉండవు. బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రికలో పాలు తాగే పసిబిడ్డకూ, గట్టి తిండి తినే పెద్దవాళ్ళకూ ఉన్న తేడా చెప్తారు. అక్కడ పెద్దవాళ్ళు అంటే వయసులో పెద్దవాళ్ళు కాదు, ఏది మంచి, ఏది చెడు అని తేల్చుకోవడం అలవాటు చేసుకున్నవాళ్ళు. అలవాటు అనే మాట నాకు ముఖ్యంగా తోచింది. వంట చేస్తూ చేస్తూ ఉప్పు చేతికి తెలిసినట్టు, చేస్తూ చేస్తూ ఉంటేనే మంచి కూడా చేతికొస్తుంది.

పౌలు అనే అపొస్తలుడు కొరింథు పట్నంలోని సంఘానికి రాసిన మొదటి పత్రిక చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. సంఘం అంటే అక్కడి విశ్వాసులందరూ కలిసిన గుంపు. ఆ సంఘంలో బాగా మాట్లాడేవాళ్ళున్నారు, జ్ఞానం ఉన్నవాళ్ళున్నారు, రకరకాల వరాలు ఉన్నవాళ్ళున్నారు. అయినా పౌలు వాళ్ళను ఇంకా పసిపిల్లలే అన్నాడు. వాళ్ళలో అసూయ, కొట్లాట, నేను ఫలానా వాళ్ళ మనిషిని అనే గుంపులు ఉన్నాయని కారణం కూడా చెప్పాడు. వాళ్ళకు తెలిసినదాన్ని చూసి కాదు, ఒకరితో ఒకరు ఉండే తీరు చూసి ఆయన వయసు కట్టాడు.

మామిడి తోట నేర్పే పాఠం

మన జిల్లా మామిడికి పేరు. కృష్ణగిరిలో ఏటా మామిడి ప్రదర్శన పెడతారు. తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు లారీల్లో పోతాయి. తోట ఉన్న ఇళ్ళ పిల్లలకు ఒక సంగతి తెలుసు. అంటు మొక్క నాటిన మొదటి రెండు మూడేళ్ళలో పూత వస్తే రైతు సంతోషపడడు, గిల్లేస్తాడు. ఆ వయసులో కాపు మోస్తే చెట్టు బలపడదని ఆయనకు తెలుసు. పెద్ద చెట్టయినా అంతే, పూసిన పూలలో నూటికి ఒకటి కూడా కాయగా నిలవదు. జనవరిలో పూత చూసి లెక్కలు వేసుకున్నవాడు జూన్‌లో తల పట్టుకుంటాడు.

మా ప్రార్థన కూడికల్లో కన్నీళ్ళు వస్తాయి, గట్టిగా పాడతాం, మైకు పట్టుకుని సాక్ష్యం చెప్తాం. సాక్ష్యం అంటే దేవుడు నా జీవితంలో ఇది చేశాడని నలుగురికి చెప్పడం. ఇవన్నీ పూత. పూత చెడ్డది కాదు, పూత లేకుండా కాయ రాదు. కానీ పూతంతా కాపు కాదు.

గలతీయులకు రాసిన పత్రికలో పౌలు ఆత్మ ఫలం అని తొమ్మిది గుణాలు చెప్పాడు. ప్రేమ, ఓర్పు, దయ, నమ్మకంగా ఉండడం, తనను తాను అదుపులో పెట్టుకోవడం లాంటివి. వీటిలో చాలావరకు పక్కన ఇంకో మనిషి ఉంటేనే బయటపడతాయి. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు నాకెంతో ఓపిక ఉంటుంది. ఊత్తంగరై నుంచి వచ్చే బస్సులో కృష్ణగిరి దాకా నిలబడి వచ్చేటప్పుడు కదా అది ఉందో లేదో తెలిసేది!

తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన ఒకాయన

ఈ విషయం గురించి చదువుతున్నప్పుడు నాకు బాగా నచ్చిన మనిషి బిషప్ వి. ఎస్. అజరయ్య గారు. మా ఇల్లు రెండు భాషల ఇల్లు కాబట్టి కూడా నచ్చి ఉండొచ్చు. మా అమ్మ తమిళంలో ప్రార్థన చేస్తుంది, మా అవ్వ తెలుగులో చేస్తుంది.

అజరయ్య గారు 1874లో తిరునెల్వేలి వైపు వెళ్ళాలన్‌విళై అనే ఊళ్ళో పుట్టారు. ఇంటి భాష తమిళం. యువకుడిగా వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూ ఊరూరా తిరిగారు. మన దేశంలో సువార్త పని ఎప్పుడూ విదేశీయులే చెయ్యాలా, మనం చెయ్యకూడదా అనే ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. 1903లో తిరునెల్వేలిలో భారతీయుల చేతుల మీద, భారతీయుల డబ్బుతో నడిచే మిషనరీ సంఘం మొదలుపెట్టడంలో ముందున్నారు. ఇంకొకరిని పంపి ఊరుకోలేదు. 1909లో, ముప్పై అయిదేళ్ళ వయసులో, తనే బయలుదేరి అప్పటి నిజాం రాజ్యంలో ఉన్న దోర్నకల్‌కు పోయారు. అది ఇప్పుడు తెలంగాణలో ఉంది. అక్కడి జనం కోసం తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

బిషప్ అంటే పెద్ద బంగళాలో కూర్చునే మనిషి అనుకుంటాం. ఆయన ఎద్దుల బండి మీద, సైకిల్ మీద ఊళ్ళు తిరిగారు. చాలాసార్లు భార్య అన్బు గారు కూడా వెంట వెళ్ళేవారు. ఆ ఊళ్ళలో విశ్వాసంలోకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల కూలివాళ్ళు. వాళ్ళకు ఆయన సువార్తతో పాటు నాలుగు దయ్యాల గురించి కూడా చెప్పేవారు. ఆ నాలుగు ఏవో తెలుసా? మురికి, రోగం, అప్పు, తాగుడు. ఇంగ్లీషులో నాలుగూ 'డి' అక్షరంతో మొదలవుతాయి.

ఇది చదివి నేను ఆశ్చర్యపోయాను. ఆత్మీయ ఎదుగుదల అంటే పరలోకం గురించిన సంగతి అనుకున్నాను. ఈయన ఇంటి ముందు చిమ్మారా, వడ్డీ వ్యాపారి దగ్గర వేలిముద్ర వేశారా, కూలి డబ్బు కల్లు దుకాణానికి పోయిందా అని చూస్తున్నారు. ఆ రోజుల్లో పల్లె కూలికి అప్పు అంటే ఉత్త లెక్క కాదు, తరతరాలు ఒకరి కింద పడి ఉండడం. అప్పు నుంచి, తాగుడు నుంచి బయటపడ్డ ఇల్లు లేచి నిలబడుతుంది. ఊళ్ళో వాళ్ళ కంటికి కనబడేది కూడా ఆ మార్పే.

బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు తమ తలమీద తామే చెయ్యి పెట్టుకుని, ఈ సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని ఒప్పుకునేలా ఆయన చేసేవారని కూడా చదివాను. బాధ్యత పాస్టర్ గారిది మాత్రమే కాదు, నీ తలమీద ఉందని చెయ్యితోనే తెలియజెయ్యడం అది. అందరూ ఆయనతో ఏకీభవించారని కాదు. మతం మారడం అనే విషయంలో గాంధీజీకీ ఆయనకూ 1930లలో గట్టి భేదాభిప్రాయం ఉండేది. దోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద దేవాలయం 1939లో పూర్తయింది. దాంట్లో హిందూ గుడి పోలికలూ, ముస్లిం కట్టడాల పోలికలూ కలిసి ఉంటాయి. ఆయన 1945 జనవరి 1న చనిపోయారు.

రోజూ చేసేవి

ఇప్పుడు మన సంగతికి వద్దాం. బిషప్ కాని మనలాంటి వాళ్ళకు రోజూ ఎదగడమంటే ఏమిటి?

మా అవ్వ ఏం చేస్తుందో చెప్తాను. పొద్దున లేచి తన పెద్దక్షరాల బైబిల్లో ఒక భాగం చదువుతుంది. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఆ బైబిల్లోనే, ఎందుకంటే బడిలో నా చదువంతా తమిళమే. తర్వాత అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. నెలాఖరుకు అది చర్చికో, ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్ళకో పోతుంది. మిజోరంలో క్రైస్తవ ఆడవాళ్ళు 1910 నుంచి ఇట్లా పిడికెడు బియ్యం తీసి పెట్టే పద్ధతి నడుపుతున్నారని ఈమధ్యే తెలిసింది. సంపాదన చేతిలో లేని ఆడమనిషి కూడా ఇవ్వగలిగిన కానుక అది. పెద్ద మొత్తం ఒకసారి ఇవ్వడం సులువు. రోజుకు రెండు పూటలా గుర్తుపెట్టుకుని ఇవ్వడమే కష్టం, ఆ కష్టమే మనిషిని మారుస్తుంది.

మన కాలేజీ జీవితంలో కూడా ఇట్లాంటి పిడికెళ్ళు ఉన్నాయి. రాని స్నేహితురాలికి అటెండెన్స్ పలకకుండా ఉండడం. గ్రూపులో ఒక అమ్మాయి గురించి వచ్చిన మాటను ఇంకొకరికి పంపకుండా ఆపేయడం. టిఫిన్ బాక్స్ తెరిచేటప్పుడు ఎవరి పక్కన కూర్చుంటున్నాం, ఎవరి పక్కన కూర్చోవడం లేదు, ఎందుకు అని ఒకసారి ఆలోచించడం. ఇంటికి పోయాక అమ్మ పిండి రుబ్బుతుంటే ఫోన్ పక్కన పెట్టి లేవడం. ఇవి చెయ్యడానికి క్రైస్తవులే కానక్కర లేదు. కానీ క్రైస్తవురాలిని అని చెప్పుకుని ఇవి చెయ్యకపోతే ఆ చెప్పుకోవడానికి విలువ లేదు.

నేను తప్పించుకున్న కారణం

అక్టోబర్‌లో పరీక్ష ఫీజు కట్టడానికి నా దగ్గర డబ్బు తక్కువైంది. ఆ క్లాస్‌మేట్ అయిదు వందలు ఇచ్చింది. పది రోజుల్లో ఇస్తానన్నాను. వారం తిరిగేలోపు నాయన డబ్బు పంపించాడు కూడా. నేను దానితో క్రిస్మస్‌కు చుడీదార్ కొనుక్కున్నాను. తర్వాత ఆమెను చూస్తే వేరే వైపు పోయేదాన్ని. ఆ చుడీదార్ వేసుకునే చర్చిలో మైకు పట్టుకుని, ఈ ఏడాది దేవుడు నా అవసరాలన్నీ తీర్చాడని సాక్ష్యం చెప్పాను. ఆమె మూడో వరసలో కూర్చుని విన్నది. వారం తర్వాత, ఎదిగిందని ఎట్లా తెలుస్తుంది అని అడిగింది. అప్పు గురించి ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి అవ్వకు చెప్పాను. అవ్వ తిట్టలేదు. "పాపా, నువ్వు మైకులో చెప్పింది దేవుడు విన్నాడులే. ఆ పిల్ల దుడ్డు ఇచ్చినావా?" అని అడిగింది. కానుక తీసుకుని బలిపీఠం దగ్గరికి వచ్చినవాడు, ఎవరితోనైనా తగువు గుర్తొస్తే కానుక అక్కడే పెట్టి ముందు పోయి రాజీపడి రావాలని యేసు చెప్పిన మాట సండే స్కూల్లో చిన్నపిల్లలకు నేనే నేర్పించాను. జక్కయ్య అనే పన్నులు వసూలు చేసేవాడు, మోసం చేసి తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న కథ కూడా చెప్పాను. బొమ్మలు కూడా గీయించాను.

పొంగలికి మామ చేతిలో పెట్టిన మూడు వందలు, ఇంకో రెండు వందలు కలిపి తీసుకెళ్ళి ఇచ్చాను. డబ్బు ఇవ్వడం సులువైంది. "మర్చిపోలేదు, డబ్బు వచ్చినా బట్టలు కొనుక్కున్నాను" అని చెప్పడానికే గొంతు రాలేదు. ఆమె, "నాకు తెలుసు. ఆ నెల నా ఫీజుకు మా అక్కను అడగాల్సొచ్చింది" అంది. అంతే అంది.

మా బైబిల్లో సమాధానం అనే మాట చాలాసార్లు వస్తుంది. బయట మనం దాన్ని జవాబు అనే అర్థంలో వాడతాం. అమ్మ తమిళంలో, అవ్వ బైబిల్లో దానికి అర్థం శాంతి, మనుషుల మధ్య కుదిరే సయోధ్య. ఆమెకు నేను రెండు రకాల సమాధానమూ బాకీ ఉన్నాను. ఒకటి జనవరిలో ఇచ్చాను. రెండోది ఈ వ్యాసం.

కొలిచేదానికి ఏమైనా ఉందా అని అడిగింది కదా. ఉంది, కానీ అది నా చేతిలో లేదు. నాతో రోజూ ఉండేవాళ్ళను అడిగితే తెలుస్తుంది. అమ్మ, అవ్వ, పక్క బెంచీ, బస్సులో పక్క సీటు. నా ఎదుగుదల ఎంతని వాళ్ళను అడిగే ధైర్యం నాకింకా పూర్తిగా రాలేదు. ఒకరిని మాత్రం అడిగాను. దీన్ని గోడమీద పెట్టే ముందు ఆమెకే చూపించాను. చదివి, "నా పేరు రాయొద్దు, మిగతాదంతా ఉండనీ" అంది.