అశోకవనంలో తొలి మాట

మాట నేర్చినవాడు అనగానే ధారాళంగా మాట్లాడగలవాడని లోకం భావిస్తుంది. సభలో తడబాటు లేకుండా గంటసేపు ప్రసంగించినవానిని చూచి, ఇతనికి వాక్కు వశమైనదని మెచ్చుకొంటుంది. కాని ధారాళత వేరు, మాటనేర్పు వేరు. ధారాళత వక్తలో ఉండే గుణం. మాటనేర్పు వక్తకూ శ్రోతకూ నడుమ ఉండే సంబంధం. తన మాట ఎదుటివారి చెవికి ఎట్లా వినిపిస్తున్నదో తెలియని పండితుడు, ఎంత చదివినవాడైనా, తనలో తాను మాట్లాడుకొంటున్నవాడే. ఈ భేదాన్ని ఆదికవి వాల్మీకి హనుమంతుని పాత్రలో ఎంతో సూక్ష్మంగా నిరూపించాడు.

తెలుగువారి ఇండ్లలో సుందరకాండ పారాయణం తరతరాలుగా వస్తున్నది. సముద్రలంఘనమూ లంకాదహనమూ పసిపిల్లలకు సైతం తెలిసిన కథలు. అందుచేత హనుమంతుడనగానే భుజబలమే ముందుగా స్ఫురిస్తుంది. కాని 68 సర్గల ఆ కాండలో కథ అంతా ఒక్క సన్నని దారం మీద వ్రేలాడిన ఘట్టం ఒకటి ఉన్నది. అక్కడ హనుమంతుడు గద ఎత్తలేదు, కొండ పెకలించలేదు. చెట్టుకొమ్మల చాటున కదలక మెదలక కూర్చుండి, ఏమని మాట్లాడవలె, ఏ భాషలో మాట్లాడవలె అని ఆలోచించాడు.

ఆ ఆలోచన విలువ తెలియవలెనంటే అంతకు ముందరి సంగతి ఒకటి జ్ఞప్తికి తెచ్చుకోవలె. ఋశ్యమూకం దాపున రామలక్ష్మణులను చూచి సుగ్రీవుడు భయపడినప్పుడు, వారెవరో తెలుసుకొని రమ్మని హనుమంతుని పంపాడు. భిక్షురూపంలో వచ్చి అతడు పలికిన పలుకులు విని శ్రీరాముడు లక్ష్మణునితో ఎంతగానో ప్రశంసించాడు. వేదాధ్యయనం చేయనివాడు ఇట్లా మాట్లాడలేడన్నాడు. వ్యాకరణాన్ని ఇతడు పలుమారులు చదివి ఉండవలెనన్నాడు. ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదనీ, ముఖంలో గాని కన్నులలో గాని కనుబొమలలో గాని వికారం కనిపించలేదనీ, మాట మరీ సాగదీయక, మరీ తొందరపడక, మధ్యమస్వరంలో నడిచినదనీ గుర్తించాడు. సంస్కృత వాక్కు హనుమంతునికి అంత చక్కగా అబ్బిన విద్య. అతని మాటతీరులో మేటి గుణం అదే.

ఇక అశోకవనం. శింశుపావృక్షం మీద ఉండి హనుమంతుడు అన్నీ చూచాడు. రావణుడు వచ్చి ఆశలు చూపి, ఫలించక, రెండు నెలలు గడువుపెట్టి పోయాడు. రాక్షసస్త్రీలు చుట్టుముట్టి చంపి తింటామని బెదిరించారు. సీత విసిగి వేసారి ప్రాణత్యాగానికి సిద్ధపడుతున్నది. ఇప్పుడు మాట్లాడకపోతే ఆమె దక్కదు. తప్పుగా మాట్లాడినా దక్కదు. ఆమె భయపడి కేక వేస్తే కాపలావారు ఆయుధాలతో వస్తారు. యుద్ధం తప్పదు. తాను పట్టుబడితే ఆమె ఇక్కడ ఉన్నదన్న వార్త రామునికి చేరదు. తమకు అంతా తెలుసునని మురిసిపోయే దూతలు చేజేతులా కార్యాన్ని చెడగొడతారని కూడ అతడు తలపోశాడు.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. హనుమంతుని పరీక్ష మొదట సీతను గురించి కాదు, తన్ను గురించి. నేను చిన్న శరీరం కలవాడను, పైగా వానరాన్ని. ద్విజుని వలె సంస్కృతం పలికానంటే ఈమె నన్ను రావణుడనుకొని భయపడుతుంది. కాబట్టి సామాన్య మానవులు పలికే మాటలనే అర్థవంతంగా పలకవలె. అతని నిశ్చయం ఇది. రావణుడు వేదవిదుడు, మాయారూపాలు ధరించేవాడు. యతివేషంలో వచ్చి తీయగా మాట్లాడే సీతను అపహరించాడు. ఆమె చెవిలో సంస్కారవంతమైన పలుకుకు ఒక గాయం ముడిపడి ఉన్నది. శ్రీరాముని మెప్పు పొందిన విద్యయే ఇక్కడ భయహేతువు కాగలదు. దానిని గుర్తించి, తనకు బాగా వచ్చినదానిని ప్రక్కకు పెట్టగలగడమే హనుమంతుని ఘనత. రానివిద్యను వదలుకోవడం ఎవరికైనా సులభమే. వచ్చినవిద్యను సమయం చూచి అణచి ఉంచడానికి వివేకం కావలె.

తరువాత అతడు ప్రారంభించిన విధం చూడదగినది. నేను రామదూతనని చాటుకోలేదు. నీవు సీతవేనా అని ముందుగా అడగలేదు. దశరథుడనే రాజు ఉండేవాడని మొదలుపెట్టి, ఆ రాజు పెద్దకుమారుని కథను ఆమెకు మాత్రమే వినిపించేటట్లు మధురంగా చెప్పుకొనిపోయాడు. పరాయిచోట, పరాయివారి నడుమ ఉన్నవారికి తమ ఇంటి ఊసు చెవినపడితే తల దానంతట అదే పైకి లేస్తుంది. సీత తల ఎత్తి కొమ్మలలోకి చూచింది.

చూచి వెంటనే నమ్మినదా అంటే లేదు. కల అనుకొన్నది. నిద్రయే లేనిదానికి కల ఎక్కడిదని తర్కించుకొన్నది. హనుమంతుడు చెట్టు దిగి, చేతులు జోడించి, దగ్గరకు రాగా రాగా ఆమెకు అనుమానం పెరిగింది. ఇతడు మారువేషంలో వచ్చిన రావణుడేనన్నది. ఇంత ఆలోచించి మాట్లాడినా నమ్మలేదే అని హనుమంతుడు నొచ్చుకోలేదు, గొంతు పెంచలేదు. రాముని శరీరలక్షణాలేమిటి, లక్ష్మణుని లక్షణాలేమిటి, నరులకూ వానరులకూ మైత్రి ఎట్లా కుదిరినదని ఆమె అడిగితే, అడిగినవాటికి అడిగినంత వివరంగా బదులు చెప్పాడు. ఆ తరువాతనే రామనామాంకితమైన ఉంగరం చేతికిచ్చాడు.

ఉంగరం మొదటినుంచీ అతని వద్దనే ఉన్నది గదా, ముందే ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్న విద్యార్థులకు కలుగుతుంది, కలుగవలెను కూడ. మాయావులు తిరిగే లంకలో ఉంగరం ఒక్కటే చాలదు. దొంగిలించినదని అనుకోవచ్చు, మాయ అనీ అనుకోవచ్చు. మనసు కొంత కుదుటపడిన తరువాతనే గుర్తు గుర్తుగా పనిచేస్తుంది. ఎంత బలమైన సాక్ష్యమైనా వినేవారిలో విశ్వాసపు మొలక లేనప్పుడు చూపిస్తే వ్యర్థమవుతుంది. తరగతిలో సూత్రాన్ని ముందు అప్పగించి, ఉదాహరణను చివరకు వాయిదావేసే బోధకులకు ఈ క్రమంలో ఒక పాఠం ఉన్నది.

అంతటి హనుమంతుడూ ఒకచోట తొందరపడ్డాడు. ఆమె దుఃఖం చూడలేక, నా వీపుమీద ఎక్కు తల్లీ, ఇప్పుడే రాముని వద్దకు చేర్చుతానన్నాడు. ఇంత చిన్నవాడవు నన్నెట్లా మోస్తావని సీత అన్నది. ఆ మాట అతని అభిమానాన్ని తాకింది. పర్వతమంత దేహం పెంచి చూపించాడు. అతని శక్తి తెలిసినా ఆమె ఒప్పుకోలేదు. సముద్రం మీద జారిపడతానేమో, రాక్షసులు తరిమితే ఏమవుతుందో అన్నది. ఇష్టపూర్వకంగా పరపురుషుని తాకలేనన్నది. రాముడే వచ్చి రావణుని జయించి తీసుకొనిపోవడం ఆయనకు తగినదన్నది. హనుమంతుడు తన ప్రతిపాదనను సమర్థించుకొంటూ కూర్చోలేదు. నీ మాట యుక్తంగా ఉన్నదని అంగీకరించాడు. ఎదుటివారికి తగినట్లు మాట్లాడడమంటే వారిని ఎట్లాగైనా ఒప్పించడం అని కొందరి అభిప్రాయం. వారు కాదన్నప్పుడు ఆ కాదనడంలోని న్యాయాన్ని వినగలగడం కూడ దానిలో భాగమేనని ఈ ఘట్టం తెలుపుతున్నది.

అదే నోరు రావణసభలో మరొక తీరున పలికింది. అక్కడ మెత్తదనం లేదు. అట్లాగని మర్యాద తప్పనూ లేదు. సుగ్రీవుడు సోదరభావంతో నీ కుశలమడిగినాడని రాచమర్యాదతో ప్రారంభించాడు. ధర్మం తెలిసినవాడవు, తపస్సు చేసినవాడవు, పరస్త్రీని బంధించడం నీకు తగదన్నాడు. వాలి గతినీ, జనస్థానంలో రాక్షసులు పొందిన గతినీ గుర్తుచేశాడు. సీతకు చెప్పిన సత్యమూ రావణునికి చెప్పిన సత్యమూ ఒక్కటే: రాముడు వస్తాడు. ఒకరికి అది ఓదార్పు, మరొకరికి హెచ్చరిక. తీరు మారినది గాని సారం మారలేదు. శ్రోతను బట్టి తీరు మార్చడం నేర్పు. శ్రోతను బట్టి నిజాన్నే మార్చడం ముఖస్తుతి. ఈ రెండింటికీ నడుమగల గీతను హనుమంతుడు ఎన్నడూ దాటలేదు.

ఆ హితవు రావణునికి రుచించలేదు. దూతను చంపుమన్నాడు. విభీషణుడు అడ్డుపడి దూతవధ రాజధర్మం కాదని చెప్పినందున ప్రాణం దక్కి, శిక్ష తోకకు నిప్పుపెట్టడంతో సరిపోయింది. మాటనేర్పు ఉంటే లోకమంతా వశమవుతుందన్న భ్రమను కవి మిగల్చలేదు. వినదలచనివానికి ఏ తీరూ చాలదు. అయినా దూత తన వంతు సక్రమంగా నెరవేర్చవలసినదే.

తిరిగివచ్చిన తరువాత కూడ ఇదే వివేకం. గడువు దాటిపోయినదని భయంతో ఎదురుచూస్తున్న వానరులకు సీతాదర్శనమైన సంగతి ముందుగా రెండుముక్కలలో చెప్పి, వారి గుండె నిలిపాడు. జాంబవంతుడు వివరాలడిగిన తరువాతనే కథ అంతా విస్తరించాడు. శ్రీరాముని ఎదుటకు వచ్చినప్పుడు సముద్రం ఎట్లా దాటానన్నది మొదటిమాట కాలేదు. సీత క్షేమంగా, వ్రతం తప్పక ఉన్నదన్నది మొదటిమాట. ఆపైన చూడామణి, ఆపైన సీతారాములకు మాత్రమే తెలిసిన కాకి వృత్తాంతం. వినేవారికి ఏది ముందు కావలెనో అది ముందు చెప్పాడు.

ఇంతటి వాగ్విదుడు కూడ ఒకనాడు మూగవానివలె కూర్చున్నాడన్నది మరువరాదు. సముద్రతీరాన వానరులందరూ తమతమ శక్తిని చెప్పుకొంటుండగా హనుమంతుడు ఒక ప్రక్క నోరు మెదపక ఉన్నాడు. ఎందుకు మాట్లాడవని జాంబవంతుడు గద్దించి ఊరుకోలేదు. దగ్గరకు వచ్చి, అతని పుట్టుకను, బాల్యంలో సూర్యునికై ఎగిరిన సాహసాన్ని వివరించి చెప్పాడు. తరగతిలో వెనుక వరుసలో మౌనంగా కూర్చుండే బాలుని విషయంలో ఉపాధ్యాయుడు అనుసరింపదగిన మార్గం అది. అందరికీ వేసే ప్రశ్న ఆ బాలునికి చాలదు. అతనిని ఎరిగినవాడు అతనికోసమే చెప్పే మాట ఒకటి కావలె.

తెలుగుదేశపు బడులలో ఈ సమస్య ఈనాటిది కాదు. శ్రీకాకుళం పిల్లవాడు ఇంట పలికే తెలుగు వేరు, అనంతపురం పిల్ల పలికే తెలుగు వేరు, వరంగల్లు పలుకు వేరు. పాఠ్యపుస్తకం మరొక తెలుగు పలుకుతుంది. గిరిజన గూడెంలో పుట్టిన పిల్లలకు బడిలోని భాషయే క్రొత్తది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) ఈ కష్టాన్ని గ్రహించి, సవరలు తమ భాష వదలి రావలెనని కోరక, తామే సవరభాష నేర్చుకొన్నారు. ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు వ్రాశారు. ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చారు. పాండిత్యం తక్కువై ఆయన ఆ పని చేయలేదు. తన పాండిత్యం ఎదుటి పసివానికి ఎట్లా వినిపిస్తున్నదో తెలిసి చేశారు.

ఉపాధ్యాయుడు తన గొంతు తనకు వినిపించేటట్లు కాక, మొదటి వరుసలోని చురుకైన బాలునికీ చివరి వరుసలోని బెదురుగొడ్డు బాలునికీ వేర్వేరుగా ఎట్లా వినిపిస్తున్నదో ఒక్కసారి విచారించుకోవలె. తాను హాస్యమనుకొన్నది ఒకరికి ఎగతాళి కావచ్చు. తాను స్పష్టమనుకొన్నది మరొకరికి కాఠిన్యం కావచ్చు. విద్యార్థి సైతం, తాను వినయమనుకొని పాటించే మౌనం గురువుకు నిర్లక్ష్యంగా తోచుచున్నదేమో, తాను చురుకుదనమనుకొనే ఎదురుమాట తోటివానిని నొప్పించుచున్నదేమో చూచుకోవలె. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న పెద్దల మాటకు నోటిని తీపి చేసుకొమ్మని మాత్రమే అర్థం కాదు. ఏ ఊరిలో ఉన్నామో ఎరిగి నోరు తెరవుమని కూడ అర్థం.

శింశుపావృక్షం మీద హనుమంతుడు తన్ను తాను వేసుకొన్న ప్రశ్న చిన్నది: ఈమె కంటికి నేనెవరిని? తరగతిగది గుమ్మంలో అడుగుపెట్టే ముందు ప్రతి ఉపాధ్యాయుడూ ఆ ప్రశ్నను ఒక్క క్షణం మనసులో వేసుకొంటే, లోపల కూర్చున్న పిల్లలలో ఇంతవరకు తల ఎత్తనివారు ఒకరిద్దరైనా తల ఎత్తి చూస్తారు.