మాండిబ్యులార్ నాడి – కింది దవడకు మత్తు

కింది దవడ పన్ను తీసే ముందు డాక్టరు సూదిని పన్ను పక్కన కాక, నోట్లో బాగా వెనక్కి ఎందుకు గుచ్చుతారో గమనించారా? పెద్దవారిలో కింది చర్వణకాల పక్కన ఎముక పైపొర మందంగా, గట్టిగా ఉంటుంది. మత్తుమందు దానిలోకి సరిగా ఇంకదు. అందువల్ల నాడి ఎముకలోకి ప్రవేశించకముందే దాన్ని పట్టుకోవాలి.

ఐదో కపాల నాడి అయిన ట్రైజెమినల్‌కు ఉన్న 3 శాఖల్లో మాండిబ్యులార్ నాడి అన్నిటికంటే పెద్దది. మిగిలిన రెండూ జ్ఞాన నాడులు. ఇది మిశ్రమ నాడి. స్ఫీనాయిడ్ ఎముకలోని ఫోరామెన్ ఒవేల్ అనే రంధ్రం ద్వారా కపాలం వెలుపలికి వచ్చి, ముందు, వెనుక భాగాలుగా చీలుతుంది. ముందు భాగం ప్రధానంగా నమిలే కండరాలకు పోతుంది. అందులో బక్కల్ నాడి ఒక్కటే జ్ఞాన నాడి. పేరు చూసి ఇది బక్సినేటర్ కండరాన్ని కదిలిస్తుందని రాయకండి. ఆ పని ఏడో కపాల నాడిది.

వెనుక భాగంలో మనకు ముఖ్యమైనవి లింగ్వల్, ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నాడులు. రెండోది మాండిబ్యులార్ రంధ్రం గుండా ఎముకలోకి పోయి, ఆ వైపు కింది పళ్లన్నిటికీ శాఖలిస్తుంది. దాని శాఖ అయిన మెంటల్ నాడి అగ్రచర్వణకాల దగ్గర బయటపడి పెదవికి, గడ్డానికి చేరుతుంది. కనుకనే కింది పెదవి సగం మొద్దుబారితే మందు నాడిని చేరిందని గ్రహిస్తాం. నాలుక ఒక్కటే మొద్దుబారితే, మందు కొంచెం ముందున్న లింగ్వల్ నాడికే అందిందన్నమాట. చర్వణకాల చెంప వైపు చిగురు బక్కల్ నాడిది కాబట్టి దానికి వేరే సూది వేయాలి.

జ్ఞాన దంతం దగ్గర లింగ్వల్ నాడి పలుచని పొర కిందే, ఎముకకు చాలా దగ్గరగా వెళ్తుంది. అక్కడ అది తెగితే ఆ వైపు నాలుక ముందు మూడింట రెండు వంతుల్లో స్పర్శే కాదు, రుచి కూడా పోతుంది. ఏడో నాడి నుంచి కార్డా టింపనీగా వచ్చిన రుచి తంతువులు అప్పటికే దీనిలో కలిసి ఉంటాయి.