తెప్ప తాగే డీజిలు, ఉప్పు తినే ఇంజిను

రామతీర్థంలో పడవతో ఎవరికీ పనిలేదు. కొండలు, గుడి, కోనేరు ఉన్న ఊరు అది. కానీ నెల్లిమర్ల పక్కనుంచి పారే చంపావతి వెంట దిగువకు పోతే కోనాడ దగ్గర సముద్రం వచ్చేస్తుంది. అటు చింతపల్లి, ఇటు ముక్కాం. విజయనగరం జిల్లాకు ఉన్న తీరం 30 కిలోమీటర్లలోపే, పక్కన శ్రీకాకుళానికి దాదాపు 190. రామతీర్థం సంతలో గంప దించే కవళ్ళ చేపల ధరలో సగం కథ ఆ ఒడ్డున ఇంజిన్ ట్యాంకు దగ్గరే మొదలవుతుంది. ఆ సగం కథనే ఇక్కడ లెక్కగా చూద్దాం.

ఒక ఫైబర్ తెప్పను, దానికి 10 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్‌ను తీసుకుందాం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మిగిలినవి 304 రోజులు. తుపాన్లు, వాయుగుండాలు, పండగలు, చేపల జాడలేని వారాలు తీసేస్తే 200 రోజులు నీళ్ళ మీద ఉంటుందనుకుందాం. రోజుకు ఇంజిన్ నడిచేది 5 గంటలు. అంటే ఏడాదికి 1000 గంటలు.

ఇప్పుడు డీజిలు. ఇలాంటి ఇంజిన్ ఒక కిలోవాట్ శక్తిని గంటసేపు ఇవ్వడానికి సుమారు 250 గ్రాముల డీజిలు కాలుస్తుంది. 10 హార్స్‌పవర్ అంటే దాదాపు 7.5 కిలోవాట్లు. పూర్తి బలంతో నడిపితే గంటకు 1.9 కిలోలు, లీటర్లలో రెండుంపావు. ఎవరూ ఎప్పుడూ పూర్తిగా తొక్కిపట్టరు కాబట్టి సగటున లీటరున్నర వేద్దాం. ఏడాదికి 1500 లీటర్లు. లీటరు 97 రూపాయలు అనుకుంటే 1,45,500. ఇందులో సర్కారు సాయం ఉంది. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం లీటరుకు 6.03 రూపాయల రాయితీని 9 రూపాయలు చేసింది. మన 1500 లీటర్లకు అది 13,500.

ఇదే 1500 లీటర్లు మరో పడవ కూడా తాగుతుంది. అమెరికా సరస్సుల మీద వేక్‌బోర్డింగ్ అని ఒక ఆట. పడవ వెనక తాడు పట్టుకుని, పలక మీద నిలబడి, పడవ లేపే అల మీద గెంతడం. ఆ పడవల్లో 350 హార్స్‌పవర్ ఇంజిన్లు మామూలే. అల పెద్దగా లేవాలని అడుగున తొట్లలో కావాలనే టన్ను, అంతకు మించి నీళ్ళు నింపుతారు. బరువుతో లాగేటప్పుడు గంటకు 20 లీటర్ల పెట్రోలు తేలిగ్గా పోతుంది. చాలామంది ఏడాదికి నడిపేది 50 నుంచి 100 గంటలే. 75 గంటలు వేసుకోండి, 1500 లీటర్లు. అక్కడి 75 గంటల సరదా, ఇక్కడి 1000 గంటల వేట ఇంధనంలో సరిసమానం. వాళ్ళు పడవలోకి నీళ్ళు ఎక్కిస్తారు, మనవాళ్ళు డబ్బాతో తోడిపోస్తారు.

ఆ పడవ యజమాని నుంచి నేర్చుకోవలసింది మాత్రం ఒకటుంది: ఇంజిన్ వయసును అతను గంటల్లో లెక్కేస్తాడు. కొన్నాక 20 గంటల్లోపు మొదటిసారి, ఆపైన 50 గంటలకోసారి ఆయిల్ మారుస్తాడు. ఏడాదికోసారి సర్వీసు అన్నా అతనికి చెల్లిపోతుంది. మన తెప్పకు అదే మాట చెప్పామా, 1000 గంటలకోసారి అని అర్థం. అక్కడి ఇంజిన్ పది, పదిహేనేళ్ళలో తిరిగినంత ఇక్కడ ఒక్క ఏడాదిలో తిరుగుతుంది.

ఆయిల్ ఖర్చు ఎంతని? ఉప్పుగాలిలో నడిచేది కాబట్టి 100 గంటలకోసారి మారుద్దాం. ఏడాదికి పదిసార్లు. ఆయిలు, ఫిల్టరు కలిపి సారికి 700 రూపాయలు వేస్తే 7,000. డీజిల్ ఖర్చులో ఐదు శాతం కూడా లేదు. దీన్ని మిగుల్చుకుని చూద్దాం. 80 వేల ఇంజిన్ నాలుగేళ్ళు ఆడితే ఏడాదికి 20 వేలు పడుతుంది. రెండేళ్ళకే చేతులెత్తేస్తే 40 వేలు. ఆ ఏడు వేలు మిగిల్చి ఇరవై వేలు పోగొట్టుకోవడం తెలివితక్కువే. అయినా చాలామంది అదే చేస్తారంటే కారణం వాటాల పద్ధతిలో ఉంది. చాలా ఊళ్ళలో డీజిలు, ఐసు ఖర్చు ముందు తీసేసి, మిగిలింది పంచుతారు. కాబట్టి డీజిలు కలాసీలందరి నెత్తినా పడుతుంది. ఇంజిన్ రిపేరు యజమాని ఒక్కడిదే. వారం చివర చేతిలో ఏమీ మిగలని యజమానికి ముందుగా వాయిదా పడేది ఆయిలే.

ఫైబర్ అడుగు భాగానిది వేరే కథ. విశాఖ హార్బరులో నీళ్ళలోనే నిలిచే బోట్లకు అడుగున నత్తగుల్లల్లాంటివి పేరుకుంటాయి, గోకాలి, రంగు వేయాలి. చింతపల్లిలో తెప్పను రోజూ ఇసుక మీదికి లాగేస్తారు కనుక ఆ బెడద తక్కువ. బదులుగా ఇసుకే అడుగును అరగదీస్తుంది. పైపూత పోయి లోపలి గాజుపీచు బయటపడిందంటే నీరు పీల్చుకుని తెప్ప బరువెక్కుతుంది, బరువెక్కితే డీజిలు ఎక్కువ. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలోనిది, అలలు విరిగే ఇలాంటి ఒడ్డుల కోసమే పడవలు రూపొందించింది. ఒడ్డు చేరగానే ప్రొపెల్లరును పైకి ఎత్తేసుకునే ఏర్పాటు ఆ ప్రయత్నంలో పుట్టిందే.

అన్నిటికన్నా పెద్ద పొదుపు మాత్రం ఏ షాపులోనూ దొరకదు. ప్రొపెల్లరు తిరిగే వేగం పదో వంతు తగ్గిస్తే దానికి కావలసిన శక్తి పదో వంతుతో ఆగదు, సుమారు 27 శాతం పడిపోతుంది. ప్రయాణం కాస్త సాగుతుంది గనుక ఆ దూరానికి నికరంగా మిగిలేది 19 శాతం. మన లెక్కలో 285 లీటర్లు, దాదాపు 27,600 రూపాయలు. సర్కారు రాయితీకి రెండింతలు! కాగితం మీది లెక్క ఇది, ఎదురుగాలి, ప్రవాహం దీన్ని మారుస్తాయి. దీనికి చెల్లించే మూల్యం రోజుకు 33 నిమిషాలు. కానీ ఒడ్డున వేలంపాట మొదలైపోయాక వచ్చిన తెప్పకు కానాగంత చేపల ధర ఎంత పలుకుతుందో వేగం తగ్గించమని చెప్పే నిపుణుడికి తెలియాలి. పోయేటప్పుడు నెమ్మదిగా, వచ్చేటప్పుడు త్వరగా అనుకున్నా సగం మిగిలినట్టే.

ఇక నిషేధ కాలం. 2025 ఏప్రిల్ 26న ఎచ్చెర్ల నియోజకవర్గంలోని బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఈ 61 రోజుల భృతిని 10 వేల నుంచి 20 వేలకు పెంచి పంపిణీ మొదలుపెట్టారు. రోజుకు 328 రూపాయలు. ఇల్లు గడవడానికి ఇచ్చే డబ్బది. వలలు బాగుచేసుకోవడం, అడుగుకు రెసిన్ పూయడం, ఇంజిన్ విప్పడం, అన్నీ ఆ రెండు నెలల్లోనే. నిలిపి ఉంచే ఇంజిన్ ట్యాంకును నిండుగా ఉంచాలంటారు మెకానిక్కులు. ఖాళీ ఉంటే లోపలి గాలిలోని చెమ్మ నీరై డీజిల్లో కలుస్తుంది. 20 లీటర్ల ట్యాంకు నింపడానికి 1,940 రూపాయలు, అంటే ఆరు రోజుల భృతి. అందుకే ఒడ్డున బోర్లించిన తెప్పల పక్కన, గోనెపట్టాల కింద, ఇంజిన్లు ఖాళీ ట్యాంకులతోనే జూన్ 15 కోసం చూస్తుంటాయి.