కాంపౌండర్‌ మళ్లీ వచ్చాడు!

గాజుసీసాలో ఎర్రటి మిక్స్చర్‌. సీసాకు నిలువుగా అతికించిన తెల్లకాగితం పట్టీ. దానికి కత్తెరతో పెట్టిన గాట్లు... గాటుకో మోతాదు. యాభై ఏళ్లు పైబడిన వారెవరినడిగినా ఆ సీసా గురించి చెబుతారు. డాక్టరుగారు చీటీ రాసిస్తే, పక్కగదిలో కాంపౌండర్‌ పొడులు తూచి, ద్రవాలు కలిపి, ఎవరి మందు వారికి తయారుచేసి ఇచ్చేవాడు. కంపెనీల మాత్రలొచ్చాక ఆ పని మూలపడింది. పేరు మాత్రం మిగిలింది.

ఆ పనే అమెరికాలో 'కాంపౌండింగ్‌ ఫార్మసీ' పేరుతో కోట్ల డాలర్ల వ్యాపారమైంది. అందులో ఎక్కువగా వినిపిస్తున్న మాట... పెప్టైడ్‌ థెరపీ!

పూసల దండలు

అమైనో ఆమ్లాలను పూసలనుకుంటే, వాటిని గుచ్చిన చిన్నదండ పెప్టైడ్‌. పెద్దదైతే ప్రొటీన్‌. కాన్పు నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్‌లో పూసలు తొమ్మిదే. 1953లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్‌ డు విన్యోకు 1955లో నోబెల్‌ వచ్చింది. ఇన్సులిన్‌లో పూసలు 51. అంటే మధుమేహులున్న ఎన్నో ఇళ్లలో పెప్టైడ్‌ వైద్యం ఎప్పటినుంచో ఉన్నదే! మాత్రలా మింగితే పప్పులోని ప్రొటీన్‌ను అరిగించినట్టే పొట్ట దీన్నీ అరిగించేస్తుంది. అందుకే ఇలాంటి మందులు చాలావరకూ సూదిమందులే.

1922 జనవరి 11న టొరంటోలో లియొనార్డ్‌ థాంప్సన్‌ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్‌ ఇచ్చారు. మందులో మలినాలుండటంతో ఒళ్లు తట్టుకోలేదు. జేమ్స్‌ కాలిప్‌ అనే శాస్త్రవేత్త రాత్రింబవళ్లు కష్టపడి దాన్ని శుద్ధిచేశాడు. పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఇస్తే పిల్లవాడు కోలుకున్నాడు. మందు అదే. తేడా అంతా శుద్ధిలోనే!

అమెరికా ఎడారుల్లోని గిలా మాన్‌స్టర్‌ అనే విషపు బల్లి లాలాజలం ఆధారంగా పుట్టిన మధుమేహం మందుకు 2005లో అనుమతి వచ్చింది. అదే కోవకు చెందిన సెమాగ్లూటైడ్‌ను అక్కడ 2017లో మధుమేహానికీ, 2021లో బరువు తగ్గడానికీ అనుమతించారు. మనదేశంలోకి బరువు తగ్గించే ఈ తరహా ఇంజెక్షన్లు 2025లో అడుగుపెట్టాయి.

కొలతకు కుట్టిన చొక్కా

రెడీమేడ్‌ చొక్కా అందరికీ సరిపోదు కదా! మందులూ అంతే. మాత్ర మింగలేని పసివాడికి అదే మందును ద్రవంగా మార్చాలి. మాత్రలో కలిపిన రంగు పడనివారికి రంగులేకుండా చేయాలి. పెద్దల మోతాదే దొరికేచోట పిల్లల బరువుకు తగ్గట్టు తగ్గించాలి. ఇలాంటివారికి కాంపౌండింగ్‌ నిజంగా వరమే. కాకపోతే ఒకటి... కంపెనీ మందుకు జరిగే ప్రయోగ పరీక్షలూ, ముందస్తు అనుమతులూ ఇలా కలిపిన మందుకు ఉండవు. కలిపేవారి చేతుల శుభ్రత, తూకం... వీటిమీదే నమ్మకం.

నమ్మకం వమ్మైతే...

2012 సెప్టెంబరు. టెనెసీలో ఒక రోగికి అరుదైన మెదడు పొరల వాపు (మెనింజైటిస్‌) వచ్చినట్టు అక్కడి డాక్టరు గుర్తించారు. ఆరాతీస్తే నడుంనొప్పికి వెన్నులో వేసిన స్టెరాయిడ్‌ ఇంజెక్షన్‌ దగ్గర తేలింది. మసాచుసెట్స్‌లోని 'న్యూ ఇంగ్లండ్‌ కాంపౌండింగ్‌ సెంటర్‌'లో తయారైన ఆ సీసాల్లో బూజు చేరింది! 20 రాష్ట్రాల్లో 750 మందికి పైగా జబ్బుపడ్డారు. 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నొప్పి తగ్గుతుందని వెళ్లినవాళ్లు వాళ్లంతా. ఆ మరుసటి ఏడాదే అమెరికా చట్టాన్ని బిగించింది.

తర్వాత సెమాగ్లూటైడ్‌కు కొరత వచ్చింది. కొరత ఉన్నన్నాళ్లు కాంపౌండింగ్‌ ఫార్మసీలు దాన్ని తయారుచేసి ఇచ్చాయి. కంపెనీ పెన్నులో మోతాదు ముందే అమర్చి ఉంటుంది. ఇక్కడ సీసాలోంచి సిరంజితో లాక్కోవాలి. మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, యూనిట్లు... లెక్క తప్పి కొందరు 5 నుంచి 20 రెట్లు ఎక్కువ తీసుకుని, వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. 2024లో అక్కడి ఎఫ్‌డీఏ దీనిపై హెచ్చరిక జారీ చేసింది. 2025 ఫిబ్రవరిలో కొరత తీరిందని ప్రకటించి, నకళ్లు ఆపేయడానికి గడువు పెట్టింది.

ఇక గాయాలు త్వరగా మానుతాయంటూ అమ్మే బీపీసీ-157 లాంటి పెప్టైడ్‌ల సంగతి వేరు. వీటిమీద జరిగిన పరిశోధన ఎక్కువగా ఎలుకలమీదే. క్రీడాకారులు దీన్ని వాడకుండా 'వాడా' 2022లో నిషేధించింది. అయినా 'పరిశోధనకు మాత్రమే' అన్న చీటీ అంటించి ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్లున్నారు.

సూది గుచ్చుకునే ముందు...

* ఇదే మందు కంపెనీది దొరుకుతుందా? దొరికితే కలిపిన మందు ఎందుకు?
* ఎవరు తయారుచేశారు? లైసెన్సు ఉందా? సీసామీద బ్యాచ్‌ నంబరు, గడువు తేదీ ఉన్నాయా?
* సిరంజిలో ఎన్ని గీతలవరకు తీయాలి? డాక్టరు ఎదుటే ఒకసారి తీసి చూపించారా?
* చల్లగా ఉంచాల్సిన మందైతే, దారిలో ఐసుపెట్టెలోనే వచ్చిందా?

వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ సీసా ముట్టుకోకపోవడమే మేలు.

వెనకటి కాంపౌండర్‌కు కంప్యూటర్‌ లేదు, ఏసీ గది లేదు. కానీ సీసాకు పట్టీ అంటించి, గాటు పెట్టి, 'ఇక్కడిదాకానే తాగాలి' అని వేలుపెట్టి చూపించేవాడు. మందెంత కొత్తదైనా ఆ గాటు విలువ మాత్రం మారలేదు!