కమాడో గ్రిల్ ని కార్లో ఇంటికి తెచ్చుకోవడం: ఎత్తడం కాదు, ఆపడమే కష్టం

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఆ గుడ్డు ఆకారంలో ఉన్న పొయ్యి సెకండ్ హ్యాండ్ లో దొరుకుతోంది, మన కార్లో తెచ్చుకోవచ్చా?" అని. తెచ్చుకోవచ్చు. నేను రెండుసార్లు తెచ్చాను. మొదటిసారి పగలగొట్టుకున్నాను, రెండోసారి సరిగ్గా తెచ్చాను. ఈ రోజు ఆ రెండు ట్రిప్పుల గురించే మాట్లాడుకుందాం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కమాడో అంటే జపాన్ భాషలో పొయ్యి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ లో ఉన్న అమెరికా సైనికులు ఆ మట్టిపొయ్యిల రుచి మరిగి ఇక్కడికి తెచ్చుకున్నారు. 1974లో అట్లాంటాలో ఎడ్ ఫిషర్ అనే ఆయన బిగ్ గ్రీన్ ఎగ్ మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇలాంటివి చాలా కంపెనీలు చేస్తున్నాయి. మందంగా ఉండే సెరామిక్ గోడ, లోపల బొగ్గు, కింద గాలి రావడానికి ఒక కిటికీ, పైన పొగ పోవడానికి ఒక మూత. మన తందూరుకి దగ్గరి చుట్టం అనుకోండి. నాన్ వేస్తే పొంగుతుంది, నాటుకోడి పెడితే నాలుగ్గంటలు నెమ్మదిగా ఉడుకుతుంది. అందుకే మా డల్లాస్ వైపు మనవాళ్ళ ఇళ్ళల్లో, వెనక పెరట్లో ఇవి బాగానే కనిపిస్తున్నాయి.

సమస్య ఏంటంటే బరువు. బిగ్ గ్రీన్ ఎగ్ లో లార్జ్ సైజు 162 పౌండ్లు, అంటే మన లెక్కలో 73 కిలోలు. ఎక్స్ట్రా లార్జ్ అయితే 219 పౌండ్లు, దగ్గర దగ్గర వంద కిలోలు. ఇది స్టాండ్, బల్ల లేకుండా, ఒట్టి పొయ్యి బరువు. ఒక పెద్ద మనిషంత బరువు, కానీ మనిషిలాగా సీట్లో కూర్చోదు, బెల్ట్ పెట్టుకోదు. పైగా అడుగు గుండ్రం.

మొదటిసారి ఏం జరిగిందో చెప్తాను. ఫోర్ట్ వర్త్ వైపు ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ 400 డాలర్లకి అమ్మేశాడు. కొత్తది కొంటే వెయ్యి పైమాటే. నేను, మా ఆవిడ, మా పాప ముగ్గురం చిన్న ఎస్‌యూవీలో వెళ్ళాం. ఆయనా నేనూ కలిసి అమ్మయ్యా అంటూ దాన్ని డిక్కీలో నిలబెట్టాం. చుట్టూ ఒక దుప్పటి చుట్టాను. మూత మూసే ఉంది కదా అని దాన్ని కట్టలేదు. తాడు కట్టాలన్న ఆలోచనే రాలేదండీ. "అంత బరువు ఉంది, అది ఎక్కడికి కదులుతుంది?" అనుకున్నాను. సరిగ్గా అక్కడే తప్పు చేశాను.

ఇంటికి ఇంకో పది నిమిషాలు ఉందనగా సిగ్నల్ పసుపు పడింది. ముందు కారు వెళ్ళిపోతుందనుకున్నాను, అది ఆగిపోయింది. నేను గట్టిగా బ్రేక్ తొక్కాను. కారు ఆగింది. గ్రిల్ ఆగలేదు. కార్పెట్ మీద జారుకుంటూ ముందుకొచ్చి, వెనక సీటుకి అడుగు తగిలి, తల ముందుకి వాలింది. మూతకి స్ప్రింగ్ ఉంటుంది కదా, అది తెరుచుకుని సీటు పైనుంచి వచ్చి హెడ్ రెస్ట్ కి కొట్టుకుంది. ఆ హెడ్ రెస్ట్ పక్కన జానెడు దూరంలో మా పాప కార్ సీట్. పాపకి ఏమీ కాలేదు, శబ్దానికి ఏడ్చిందంతే. మూత అంచు నిలువునా చీలింది, లోపలి ఫైర్ బాక్స్ మూడు ముక్కలు. 400 డాలర్లు పోయాయని నేను ఆ రోజు ఒక్కసారి కూడా అనుకోలేదు. మా ఆవిడ మాత్రం ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇప్పుడు చిన్న లెక్క చూడండి. గట్టిగా బ్రేక్ తొక్కితే పొడి రోడ్డు మీద 73 కిలోల వస్తువు ముందుకి సుమారు 55, 60 కిలోల బలంతో తోస్తుంది. కార్పెట్ రాపిడి దాన్ని పట్టి ఉంచలేదు. ఇక గంటకి 30 మైళ్ళ వేగంలో గుద్దుకుని, సెకనులో పదో వంతులో కారు ఆగిందనుకోండి. అప్పుడు అదే గ్రిల్ దాదాపు ఒక టన్ను బలంతో ముందుకొస్తుంది. టన్ను! బరువుగా ఉంది కాబట్టి కదలదు అనుకోవడం తలకిందుల ఆలోచన. బరువుగా ఉంది కాబట్టే ఆగదు.

రెండోసారి మా పక్కింటి అన్నని తోడు తీసుకెళ్ళాను. గుంటూరాయన, పాతికేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. నేను మొదటి కథ చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "తమ్ముడూ, కుండ కింద కుదురు పెట్టావా?" అని. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మన అమ్మమ్మల ఇళ్ళల్లో నీళ్ళకుండ కింద గడ్డితోనో పాత గుడ్డతోనో చుట్టిన రింగు ఉంటుంది చూడండి, అదే కుదురు. గుండ్రటి అడుగు ఉన్న దేన్నైనా చదునైన నేల మీద పెడితే అది ఊగుతుంది. కుదురు మీద పెడితే కూర్చుంటుంది. గ్రిల్ కి కుదురు ఏంటంటే పాత కారు టైరు. ఇక్కడ టైర్ షాపుల్లో అడిగితే చాలామంది పాతది ఊరికే ఇచ్చేస్తారు. డిక్కీలో టైరు పడుకోబెట్టి, మధ్య ఖాళీలో గ్రిల్ అడుగు దింపితే పక్కకి దొర్లదు, రోడ్డు అదురు కూడా రబ్బరు కొంత తాగేస్తుంది. ఆ ఒక్క టైరుతో సగం గొడవ తీరిపోయింది.

కానీ టైరు కంటే ముందు ఒక పని ఉంది, అది అన్నిటికంటే ముఖ్యం. అమ్మే ఆయనకి ముందే మెసేజ్ పెట్టండి, "రెండు రోజుల ముందు నుంచి వెలిగించకండి" అని. ఈ పొయ్యి గోడ వేడిని బయటికి పోనివ్వదు, అందుకే దీన్ని కొంటున్నాం కదా. గాలి మూసేసినా లోపల బూడిద కింద నిప్పు చాలా గంటలు బతికే ఉంటుంది. బయట చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. అలాంటిది మూసి ఉన్న కార్లో పెడితే రెండు ప్రమాదాలు. ఒకటి మంట. రెండోది కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, తలనొప్పి, మగత వచ్చేసరికి మీరు హైవే మీద ఉంటారు. అందుకే బూడిద, బొగ్గు మొత్తం అక్కడే తీయించాలి. ఇనుప బకెట్లో పోసి నీళ్ళు చల్లి, ఆయన దగ్గరే వదిలేసి రండి. బొగ్గు మిగిలింది కదా అని కవర్లో కట్టుకొచ్చే అలవాటు మనకి కొంచెం ఎక్కువ, దాన్ని ఈ ఒక్కసారికి మానుకోండి.

తర్వాత లోపలివన్నీ తీసేయాలి. పైన ఉండే చిన్న మూత, జాలీ, వేడిని అడ్డే పలక, రింగు, ఫైర్ బాక్స్. ఇవి తీస్తేనే బరువు బాగా తగ్గుతుంది. అంతకంటే పెద్ద సంగతి, అవి లోపల ఉంటే దారిలో ఒకదానికొకటి కొట్టుకుని పగుల్తాయి. నావి మొదటిసారి అలాగే పోయాయి. ఫైర్ బాక్స్ కొన్నిసార్లు బూడిదతో బిగుసుకుపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకండి, నెమ్మదిగా అటూ ఇటూ కదిపితే వస్తుంది. ఒక్కో ముక్కని ఒక్కో దుప్పట్లో చుట్టి ముందు సీట్ల వెనక నేల మీద పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. మన ఊళ్ళల్లో కుండలు బండిలో వేసేటప్పుడు మధ్యలో వరిగడ్డి కూరతారు, అదే సూత్రం. సెరామిక్ ని పైనుంచి నొక్కితే చాలా ఓర్చుకుంటుంది, కానీ ఒక చోట గట్టి దెబ్బ తగిలితే ఓర్చుకోదు.

మూత తీయాలా వద్దా అని అడుగుతారు. తీస్తే బరువు తగ్గుతుంది, నిజమే. కానీ మూత వెనక ఉండే కీలు స్ప్రింగ్ తో బిగించి ఉంటుంది. మూత మూసి ఉన్నప్పుడు ఆ స్ప్రింగ్ మీద ఒత్తిడి ఉంటుంది. తెలియకుండా బ్యాండ్ నట్లు విప్పితే ఆ ఇనుప కీలు ఒక్కసారిగా పైకి తన్నుతుంది, ముఖానికి తగిలే ఎత్తులో. ఆ మోడల్ పుస్తకం నెట్ లో దొరికితే చూసి, ఇంకొకరు మూత పట్టుకుని ఉండగానే విప్పాలి. ధైర్యం లేకపోతే వదిలేయండి, నేను తీయలేదు. మూత మూసి, సామాన్లు ప్యాక్ చేసే ప్లాస్టిక్ స్ట్రెచ్ ర్యాప్ తెచ్చి పైనుంచి కిందికి, చుట్టూ, పదిహేను రౌండ్లు చుట్టాను. చూడ్డానికి పట్టుపురుగు గూడులా ఉంది, కానీ మూత కదల్లేదు.

ఎత్తేటప్పుడు ఇద్దరు తప్పనిసరి, సైజు పెద్దదైతే ముగ్గురు. మూత హ్యాండిల్ పట్టుకుని ఎత్తకూడదు, పక్క బల్లలు పట్టుకుని అసలే ఎత్తకూడదు. అవి మోయడానికి పెట్టినవి కాదు. ఒకరు ముందు గాలి కిటికీ దగ్గర అడుగు పట్టుకుంటే, రెండోవాళ్ళు వెనక అడుగు కింద చేతులు పెట్టాలి. స్టాండ్ మీద ఉంటే ముందు స్టాండ్ లోంచి బయటికి తీయండి. చక్రాలున్నాయి కదా అని డ్రైవ్ వే మీద తోస్తూ తీసుకెళ్తే, కాంక్రీట్ గీతలో చక్రం ఇరుక్కుంటుంది, పైబరువుకి మొత్తం పల్టీ కొడుతుంది. దూరం ఉంటే ఫ్రిజ్ లు మోసే రెండు చక్రాల బండి అద్దెకి తెచ్చుకోండి. చెప్పులతో వెళ్ళకండి, షూస్ వేసుకోండి. ఒకటి, రెండు, మూడు ఎవరు అనాలో ముందే అనుకోండి. నవ్వకండి, మేము ఇద్దరం ఒకేసారి అనడం మొదలుపెట్టి, ఒకడు "మూడు"కి, ఇంకొకడు "మూడు తర్వాత"కి ఎత్తాం.

కారు సంగతి. అమెరికాలో డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని రాసి ఉంటుంది. అందులోంచి మీ ఇద్దరి బరువు, గ్రిల్, స్టాండ్ బరువు తీసేసి చూడండి. మామూలుగా ఒక గ్రిల్ కి ఇబ్బంది రాదు, నలుగురు మనుషుల్ని కూడా ఎక్కిస్తేనే ఇబ్బంది. అసలు ఎక్కించకూడదు కూడా. వెనక సీట్లో ఎవరూ కూర్చోకూడదు, పిల్లలైతే అసలు ఆ ట్రిప్ కే రాకూడదు. ఇది నేను బతిమాలి చెప్తున్నాను.

వెనక సీటు మడవకుండా నిలబెట్టే ఉంచాం, అది అడ్డుగోడ. టైరుని సీటుకి ఆనించి, గ్రిల్ ని అందులో దింపాం. ఆ తర్వాత ర్యాచెట్ స్ట్రాప్ లు. అంగుళం వెడల్పువి చాలు, కానీ ప్యాకెట్ మీద రెండు నంబర్లు ఉంటాయి, చూసుకోండి. పెద్దది తెగిపోయే బరువు, చిన్నది వాడాల్సిన బరువు. చిన్న నంబరే మనది. డిక్కీలో కూరగాయల కవర్లు తగిలించే ప్లాస్టిక్ కొక్కేలకి కట్టకండి, నేల మీద ఇనుప రింగులు ఉంటాయి, వాటికే కట్టాలి. నడుము చుట్టూ తిప్పి నాలుగు మూలలకి నాలుగు వైపులా లాగాం. స్ట్రాప్ కింద దుప్పటి మడత పెట్టాం. కొక్కెం గ్రిల్ కీలుకి తగిలించకూడదు. ఇంకోటి, ర్యాచెట్ బలం మనకి తెలియదు, కిర్రు కిర్రుమని బిగిస్తూ పోతే సెరామిక్కే విరుగుతుంది. చేత్తో తోస్తే గ్రిల్ తో పాటు కారు కూడా ఊగితే చాలు, అక్కడ ఆపేయండి.

పికప్ ట్రక్ అయితే క్యాబిన్ గోడకి ఆనించి ఇదే పద్ధతి. మినీవ్యాన్ ఉన్న స్నేహితుడు ఉంటే ఇంకా మంచిది, నేల కిందికి ఉంటుంది, నడుము బతుకుతుంది.

ఆదివారం పొద్దున ఏడింటికి బయల్దేరాం. 121 మీద ట్రాఫిక్ లేదు. కుడి లేన్ లోనే, ముందు కారుకి చాలా దూరం వదిలి. పది నిమిషాలకి ఒక గ్యాస్ స్టేషన్ లో ఆగి స్ట్రాప్ లు చూస్తే ఒకటి వదులైంది. టైరు కాస్త సర్దుకుంది కదా, అందుకు. మళ్ళీ బిగించాం. నలభై మైళ్ళు అన్న ఒక్క జోకు కూడా వెయ్యలేదు, ఆయన జీవితంలో అది రికార్డు.

ఇంటికొచ్చాక ర్యాప్ విప్పి, అన్న వేలి కణుపుతో మూత మీద, అడుగు మీద చుట్టూ కొట్టి చూశాడు. సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తారు కదా. ఖంగుమంటే బాగున్నట్టు, బొద్దుగా మోగితే ఎక్కడో చీలిక ఉన్నట్టు. నిజానికి ఇది కొనేటప్పుడే అక్కడ చేయాల్సిన పని, ఎందుకంటే చాలా కంపెనీల వారంటీ మొదట కొన్నవాళ్ళకి మాత్రమే, సెకండ్ హ్యాండ్ లో మనకి రాదు. మాది అన్ని వైపులా ఖంగుమంది. లోపలి ముక్కలు పెట్టి, మూత సరిగ్గా కూర్చుంటోందా, సందుల్లోంచి వెలుతురు కనిపిస్తోందా అని టార్చ్ వేసి చూశాం. మొదటి రోజు చిన్న మంటే పెట్టాం, తడి ఏమైనా ఉంటే ఆరిపోవాలని.

మా ఆవిడ బయటికొచ్చి చూసి, "పాప సీటు ఏదీ?" అంది. గరాజ్ లో ఉందని చూపించాను. అప్పుడు లోపలికెళ్ళి చికెన్ కి మసాలా పట్టించడం మొదలుపెట్టింది. ఆ చికెన్ ఎలా వచ్చిందో వచ్చే ఎపిసోడ్ లో చూపిస్తాను. ఉంటానండి.