కుక్క దాడి చేస్తుంటే పక్కనున్నవారు ఏం చేయాలి?

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయాడు. ఒంటరిగా నడిచి వెళ్తున్న పిల్లవాడిని కుక్కలు చుట్టుముట్టిన సీసీ కెమెరా దృశ్యాలు దేశమంతటినీ కలచివేశాయి. దాడి మొదలైన క్షణంలో ఆ పిల్లవాడి పక్కన పెద్దవాళ్లెవరూ లేరు. కానీ కుక్కలు కరిచే చోట్లలో ఎక్కువ భాగం వీధులు, ఇంటి ముంగిళ్లు, బడి దారులు, అపార్ట్‌మెంట్ ఆవరణలే. అక్కడ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. వారికి కాపాడాలనే ఉంటుంది, కానీ ఏం చేయాలో తెలియదు. ఒకరు కేకలు వేస్తారు, ఒకరు రాళ్లు విసురుతారు, మరొకరు పిల్లవాడి చెయ్యి పట్టుకుని లాగుతారు. వీటిలో కొన్ని పనిచేస్తాయి, కొన్ని గాయాన్ని పెంచుతాయి.

కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల ప్రకారం 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయి. 2019 పశుగణనలో వీధికుక్కల సంఖ్య సుమారు 1.53 కోట్లుగా తేలింది. అంటే ఇలాంటి దృశ్యం ఎప్పుడైనా, ఎవరి కంటైనా పడవచ్చు. అప్పుడు ఏం చేయాలో తెలియాలంటే, దాడి సమయంలో కుక్క ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా తెలియాలి.

దాడి వెనుక ఏముంది?

కుక్క కరవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. భయం, తన చోటును కాపాడుకోవడం, కూనలకు ఎవరైనా దగ్గరగా రావడం, తిండి దగ్గర పోటీ, ఒంట్లో నొప్పి వీటిలో ముఖ్యమైనవి. ఇలాంటి కాట్లలో చాలావరకు కుక్క ఒకసారి కరిచి వెనక్కి తగ్గుతుంది. ఎదుటివారిని దూరంగా పంపడమే దాని ఉద్దేశం.

ఇంతకంటే ప్రమాదకరమైనది వెంటాడే ప్రవృత్తి. కుక్కల పూర్వీకులైన తోడేళ్లు వేటను ఒక క్రమంలో సాగిస్తాయి. గురిపెట్టి చూడటం, పొంచి దగ్గరవడం, తరమడం, పట్టుకోవడం, చంపడం ఆ క్రమంలోని దశలు. వేల ఏళ్లుగా మనిషి వెంట బతికిన కుక్కలో ఈ క్రమం బలహీనపడినా పూర్తిగా పోలేదు. పరుగెత్తే కాళ్లు, సన్నని అరుపులు, కింద పడిన శరీరం దాన్ని తట్టి లేపగలవు. పిల్లలు పెద్ద దాడులకు గురవడానికి ఇదొక కారణం. వారు భయంతో పరుగెత్తుతారు, అరుస్తారు, త్వరగా పడిపోతారు.

గుంపులో ఈ ప్రమాదం పెరుగుతుంది. ఒక కుక్క మొరిగితే మిగతావి గొంతు కలుపుతాయి, ఒకటి తరిమితే మిగతావి వెంటపడతాయి. ఒంటరిగా ఉంటే వెనక్కి తగ్గే కుక్క కూడా గుంపులో ధైర్యంగా ముందుకు వస్తుంది. ఈ స్థితిలో కుక్క శరీరంలో అడ్రినలిన్ వంటి హార్మోన్లు పెరిగి నొప్పి అంతగా తెలియదు. పిలుపులు, గద్దింపులు సరిగా చెవికెక్కవు. పెంపుడు కుక్క సొంత యజమాని మాటను కూడా వినకపోవడానికి కారణం ఇదే.

ముందుగా మూడు పనులు

దాడిని చూసిన వెంటనే ఉత్త చేతులతో మధ్యలోకి దూకడం సరికాదు. రెండో మనిషి కూడా గాయపడితే కాపాడేవారే ఉండరు.

మొదటి పని, గట్టిగా కేక వేసి చుట్టుపక్కల వారిని పిలవడం. ఒక్కరికంటే నలుగురు కలిసి కదిలితే వీధికుక్కల గుంపు తొందరగా చెదురుతుంది. ఒకరు 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి.

రెండో పని, కుక్కకూ మనిషికీ మధ్య పెట్టడానికి ఒక వస్తువును అందుకోవడం. సైకిల్, కుర్చీ, స్టూలు, గొడుగు, బడి సంచి, చెత్తడబ్బా మూత, పొడవాటి చీపురు, హెల్మెట్‌లలో ఏది దొరికినా ఫరవాలేదు. చేతికి తువ్వాలు లేదా చొక్కా చుట్టుకుంటే కొంత రక్షణ ఉంటుంది.

మూడో పని, బాధితులకు సూచన ఇవ్వడం. నిలబడి ఉన్నవారైతే పరుగెత్తకుండా, కుక్క కళ్లలోకి సూటిగా చూడకుండా, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని కదలకుండా నిలబడమని చెప్పాలి. పడిపోయినవారైతే మోకాళ్లు ముడిచి బోర్లా ముడుచుకుని, రెండు చేతులతో మెడనూ చెవులనూ కప్పుకోమనాలి. మెడ, ముఖం, తల కాపాడుకోవడమే ఇక్కడ ముఖ్యం. ప్రాణం తీసే గాయాలు ఎక్కువగా ఆ భాగాలకే అవుతాయి.

కుక్కలు చుట్టుముట్టినప్పుడు

ఇంకా పట్టు చిక్కలేదు, కుక్కలు మొరుగుతూ ముందుకూ వెనక్కూ వస్తున్నాయి అనుకుందాం. ఇలాంటప్పుడు హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దం బాగా పనిచేస్తుంది. ఏ జంతువైనా అనుకోని శబ్దం వినగానే చేస్తున్న పని ఒక క్షణం ఆపి అటు తిరుగుతుంది. స్కూటర్ హారన్ ఆపకుండా మోగించడం, దుకాణం షట్టర్‌పై బాదడం, పళ్లెం మీద గరిటెతో కొట్టడం ఆ క్షణాన్ని ఇస్తాయి. కీచుగా అరవడం కంటే బొంగురు గొంతుతో గద్దించడం మేలు.

రాయి కోసం వంగినట్టు నటిస్తే వీధికుక్కలు పారిపోవడం మనకు తెలిసిందే. వంగిన మనిషికీ వచ్చి తగిలే రాయికీ ఉన్న సంబంధాన్ని అవి అనుభవంతో నేర్చుకున్నాయి. దూరంగా ఉన్న కుక్కల విషయంలో ఇది ఉపయోగపడుతుంది. కానీ అవి అడుగు దూరంలో ఉన్నప్పుడు వంగితే ముఖం వాటి నోటికి అందే ఎత్తుకు వస్తుంది. గుంపు మధ్యలో మనిషి ఉన్నప్పుడు నిజంగా రాయి విసరడమూ ప్రమాదమే. అది బాధితుడికే తగలవచ్చు.

అడ్డుగా పట్టుకున్న వస్తువుతో కుక్కలను వెనక్కి నెడుతూ బాధితుడి పక్కకు చేరాలి. పిల్లలైతే గోడకూ తమకూ మధ్య నిలబెట్టుకోవాలి. దగ్గర్లో ఆటో, కారు, దుకాణం, గేటు ఉంటే లోపలికి పంపి మూసేయాలి. వెనక్కి తగ్గేటప్పుడు వీపు చూపకుండా, పరుగెత్తకుండా నెమ్మదిగా జరగాలి.

పట్టు విడవకపోతే

కుక్క పళ్లు దించి వదలకుండా ఉన్నప్పుడు చాలామంది చేసే మొదటి పొరపాటు బాధితుడిని లాగడం. కుక్క కోరపళ్లు కాస్త వెనక్కి వంగి ఉంటాయి. లాగితే అవి చర్మాన్నీ కండరాన్నీ చీల్చుకుంటూ వస్తాయి. పైగా లాగే కొద్దీ కుక్క ఇంకా గట్టిగా బిగించి తల విదిలిస్తుంది. కాబట్టి పట్టు చిక్కిన చేతినో కాలినో కదలకుండా పట్టుకోవాలి. వీలైతే కుక్క వైపుకే కాస్త నెట్టినట్టు ఉంచాలి. చీలిక తగ్గుతుంది.

రెండో పొరపాటు కుక్కను కొట్టడం. ఉద్రేకంలో ఉన్న కుక్కకు దెబ్బ కొత్త పోరాటంలా అనిపిస్తుంది. అది పట్టు మరింత బిగించవచ్చు, లేదా వదిలి కొట్టినవారి మీదకే తిరగవచ్చు.

వీటికి బదులుగా తేలికైన మార్గాలతో మొదలుపెట్టాలి. బకెట్ నీళ్లు లేదా పైపు ధార ముఖం మీద, ముక్కు మీద కొడితే ఊపిరి తీసుకోవడానికి కుక్క నోరు తెరిచే అవకాశం ఉంది. దుప్పటి, గోనెసంచి లేదా పెద్ద తువ్వాలు తలమీద కప్పితే చూపు ఆగిపోయి కొన్ని కుక్కలు అయోమయంలో వదిలేస్తాయి. మరుగుతున్న నీళ్లు, కారం, యాసిడ్ వంటివి మాత్రం వాడకూడదు. అవి బాధితుడి మీదే పడతాయి.

ఇవేవీ పనిచేయకపోతే చివరి మార్గం మెడ పట్టు. కుక్క వెనుక వైపు నుంచి చేరి బెల్టు, చున్నీ, తాడు లేదా తువ్వాలును దాని మెడ చుట్టూ వేసి పైకి లాగి పట్టుకోవాలి. పెంపుడు కుక్కకు పట్టీ ఉంటే దాన్నే వెనుక నుంచి పట్టుకుని మెలితిప్పి పైకెత్తాలి. గాలి అందనప్పుడు ఊపిరి కోసం కుక్క దవడలు తెరుస్తుంది. ఇక్కడ వెనక్కి కాకుండా పైకి లాగడం ముఖ్యం. వెనక్కి లాగితే మళ్లీ గాయం చీలుతుంది. నోట్లో వేళ్లు పెట్టి దవడలు విడదీయాలని చూస్తే వేళ్లు పోగొట్టుకోవలసి రావచ్చు.

పట్టు విడిపోగానే పని పూర్తి కాలేదు. వదిలిన కుక్క మరుక్షణం మళ్లీ మీదకు రావచ్చు. అందుకే మెడ దగ్గరి పట్టును పూర్తిగా వదలకుండా, ఊపిరి ఆడేంత సడలించి, స్తంభానికి కట్టడమో గేటు అవతలికి నెట్టడమో చేయాలి. ఈలోగా మరొకరు బాధితుడిని దూరంగా తీసుకెళ్లాలి.

రెండు కుక్కలు కొట్లాడుకుంటున్నప్పుడు కూడా ఇదే సూత్రం. తన కుక్కను కాపాడుకోవాలని మధ్యలో చేయి పెట్టిన యజమానులు కాటుకు గురవుతుంటారు. ఆ కాటు చాలాసార్లు సొంత కుక్కదే. కొట్లాట ఉద్రేకంలో అది ఎవరిని కరుస్తోందో చూసుకోదు. నీళ్లు, శబ్దం, మధ్యలో ఒక పలక లేదా కుర్చీ చేతి కంటే భద్రమైనవి.

కుక్క వదిలాక మొదలయ్యే రెండో పోరాటం

రక్తం ధారగా కారుతుంటే ముందు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి ఆస్పత్రికి తరలించాలి. అలాంటి ప్రమాదం లేకపోతే వెంటనే చేయవలసింది గాయాన్ని కడగడం. కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వుతో చేసిన పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించి వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి వంటివి పెట్టకూడదు. అవి వైరస్‌ను చంపవు, గాయాన్ని రేపి శుభ్రం చేయడాన్ని కష్టం చేస్తాయి.

రేబిస్ వైరస్ రక్తంలో కాకుండా నరాల వెంట మెదడు వైపు ప్రయాణిస్తుంది. లక్షణాలు కనిపించడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారంలోనే కనిపించవచ్చు, ఏడాది దాకా ఆగవచ్చు. తల, ముఖం, మెడ మీద కాటు పడితే మెదడుకు దూరం తక్కువ కాబట్టి ముప్పు ఎక్కువ. లక్షణాలు మొదలయ్యాక మరణం దాదాపు తప్పదు. అవి రాకముందే సరైన చికిత్స అందితే వ్యాధిని అడ్డుకోవచ్చు. అందుకే టీకా విషయంలో ఆలస్యం చేయకూడదు.

చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండరానికి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకా వేస్తారు. మొదటి డోసు వేసిన రోజే సున్నా రోజు. చర్మం చీలి రక్తం వచ్చిన కాటును మూడో తరగతిగా పరిగణిస్తారు. దీనికి టీకాతో పాటు గాయంలోనే రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. టీకా వల్ల శరీరం సొంతంగా ప్రతిరక్షకాలు తయారు చేసుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, అంతవరకు ఈ మందు కాపలా కాస్తుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమా, గాయానికి కుట్లు ఎప్పుడు వేయాలి అన్నవి వైద్యులు నిర్ణయిస్తారు.

కరిచిన కుక్కను 10 రోజులు గమనించడం మంచిదే. కానీ ఆ గమనింపు కోసం టీకాను వాయిదా వేయకూడదు. కుక్క 10 రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి వైద్యులు చెబుతారు.

కాపాడినవారి సంగతి

బాధితుడి హడావిడిలో అందరూ మరచిపోయేది కాపాడిన మనిషిని. ఉద్రేకంలో కుక్కకే కాదు, మనిషికీ నొప్పి తెలియదు. వేలి మీద చిన్న గీరు పడినా ఇంటికెళ్లాక గానీ కనిపించదు. రక్తం రాని గీరు కూడా టీకా అవసరమయ్యే రెండో తరగతి కిందకు వస్తుంది. పగిలిన చర్మం మీద, కంట్లో, నోట్లో కుక్క లాలాజలం పడితే అది మూడో తరగతి. కాబట్టి విడిపించినవారంతా చేతులు, ముఖం సబ్బుతో కడుక్కుని ఒంటిని వెలుతురులో పరీక్షించుకోవాలి. అనుమానం ఉంటే బాధితుడితో పాటు అదే ఆస్పత్రిలో తామూ చూపించుకోవాలి.

పెద్ద పరిష్కారం మాత్రం వీధిలో జరిగే పోరాటంలో లేదు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా వేస్తే వాటి మధ్య రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచాయి. రోడ్డు మీద చెత్త, మాంసం వ్యర్థాలు పేరుకోకుండా చూడటం, కూనలున్న చోటును పిల్లలకు చూపించి దూరంగా ఉండమనడం, గుంపుగా తిరిగే దూకుడు కుక్కల గురించి పురపాలక సిబ్బందికి ముందే చెప్పడం కాలనీవాసులు చేయగల పనులు. అపార్ట్‌మెంట్ కాపలా గదిలో ఒక పొడవాటి కర్ర, ఒక మందపాటి దుప్పటి, ఒక సబ్బు ఉంచడానికి పెద్దగా ఖర్చు కాదు. అవసరమైన రోజున వెతుక్కునే సమయం మాత్రం ఉండదు.