లైను కలపమ్మా

గుంటూరులో ఒక పొగాకు ఎగుమతి ఆఫీసులో 26 ఏళ్లు టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేశాను. ఆఫీసు ఫోన్లన్నిటికీ ఎక్స్ఛేంజి లాంటి మా బోర్డుకి బయటి లైన్లు 3, లోపల ఎక్స్‌టెన్షన్లు 24. టేబుల్ టేబుల్‌కీ ఫోను ఉన్నా, కాల్ పక్క సెక్షన్‌కి పంపాల్సి వస్తే చాలు, "అమ్మా, కాస్త అకౌంట్స్‌కి కలపమ్మా" అని తలుపు దగ్గరికొచ్చి అరిచేవారు. ఆ పని చేసే బటన్ వాళ్ల ఫోనులోనే ఉంది. దాని మీద ఫ్లాష్ అని రాసి ఉంటుంది. నొక్కితే కాల్ తెగిపోతుందని వాళ్ల భయం.

ఉత్త భయం కాదది. ఆ బటన్ నిజంగానే లైను తెంచుతుంది. కాకపోతే అర సెకను పాటే.

మా చిన్నప్పుడు ఎదురింటి ప్లీడరుగారు బిల్లుకి జడిసి ఫోను డయల్‌కి బుల్లి తాళం వేసుకునేవారు. వాళ్లబ్బాయి తాళం జోలికి పోకుండా, రిసీవర్ ఆనించే మీటని టకటకా తట్టి స్నేహితులకి ఫోన్లు చేసేవాడు. అందులో మాయేం లేదు. పాత డయల్ తిప్పి వదిలితే, వెనక్కి వస్తూ లైనుని తెంచి అతుకుతుంది. ఒకటికి ఒకసారి, అయిదుకి అయిదుసార్లు, సున్నాకి పదిసార్లు. సెకనుకి ఇంచుమించు పది. ఎక్స్ఛేంజి వాటిని లెక్కపెట్టుకుంటుంది. తెంచింది డయలో, కుర్రాడి వేలో దానికి అనవసరం.

దానికి కావలసింది ఎంతసేపు తెగిందన్నదే. సెకనులో పదో వంతు కూడా లేకపోతే అది అంకె. అర సెకను పైచిలుకైతే "ఆగు, నీతో పనుంది" అని బోర్డుని పిలిచినట్టు. ఇంకా సాగితే ఫోను పెట్టేసినట్టే. మీటని వేలితో తట్టి ఆ అర సెకను సరిగ్గా కొలవడం అందరివల్లా కాదు. అందుకే ఫ్లాష్ బటన్. అదీ ఒకసారి మొరాయించింది. కొత్తగా కొన్న ఫోన్లలో ఫ్లాష్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అందరూ బోర్డుని తిట్టారు. మెకానిక్ వచ్చి ఫోనుని బోర్లించి, అడుగునున్న చిన్న స్విచ్చిని 100 మిల్లీసెకన్ల నుంచి 600కి జరిపి వెళ్లిపోయాడు.

కాల్ పంపడం ఎలాగంటే, ఫ్లాష్ నొక్కాలి. అవతలివారికి పాట మొదలవుతుంది. మా బోర్డులో బీథోవెన్ 'ఫ్యూర్ ఎలీజ్'. ఎవరి పాటో తెలియకుండానే మా పార్టీలందరికీ అది కంఠతా వచ్చు. మీకు డయల్ టోన్ వినిపించాకే ఎక్స్‌టెన్షన్ నంబరు నొక్కాలి. ఆ మనిషి ఎత్తితే, ఎవరి కాలో చెప్పి మీరు పెట్టేయాలి. ఎత్తకపోతే మళ్లీ ఫ్లాష్, పాత మనిషి మీ దగ్గరికే వస్తాడు. టోన్ కోసం ఆగే ఓపిక లేకనే సగం కాల్స్ గాల్లో కలిసేవి.

ఇలా నంబరు నొక్కే బటన్ల ఫోను అమెరికాలో 1963లో వచ్చింది. స్టార్, హాష్ అయిదేళ్ల తర్వాత చేరాయి. ఇందులో అంకెకి లైను తెంచడం లేదు, పాడడమే. ఒక్కో బటన్‌కి రెండు స్వరాలు. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్ కలిసి మోగుతాయి. మన మాటనో ఈలనో అంకె అనుకుని ఎక్స్ఛేంజి పొరబడకుండా ఆ జంట. స్టార్, హాష్ మామూలు ఫోన్ నంబర్లలో ఉండవు కనక బోర్డులు వాటిని ఆజ్ఞలకి వాడుకుంటాయి. పక్క టేబుల్ మీద మోగే ఫోనుని మన ఫోనులోంచే ఎత్తడానికి ఒక కోడ్, మన కాల్స్ ఇంకోచోటికి మళ్లించడానికి ఒక కోడ్. కంపెనీకో తీరు. కాబట్టి టేబుల్ అద్దం కింద కాగితమే గతి.

సున్నా కథ వేరు. మా దగ్గర బయటి లైనుకి ముందు సున్నా నొక్కాలి. కొత్తగా చేరినవాళ్లు హైదరాబాద్ కోసం 040 మొదలెడితే ఆ సున్నాని బోర్డు మింగేసేది, కాల్ ఊళ్లోనే ఎక్కడో తిరిగేది. మనకది నవ్వులాట. కానీ 2013లో టెక్సస్‌లో ఒక హోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల కూతురు అక్కడి అత్యవసర నంబరు 911కి నాలుగుసార్లు చేసింది. ఆ హోటల్లో ముందు 9 నొక్కాలని ఆ పిల్లకి తెలియదు. తల్లి దక్కలేదు. నేరుగా 911 కలవాల్సిందేనని 2018లో ఆమె పేరిట చట్టం చేశారు. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఈ సంగతి చెప్పాక, నా సీటు వెనక గోడకి పోలీసు, అంబులెన్సు నంబర్లు ముందు సున్నాతో సహా పెద్ద అక్షరాల్లో రాసి అంటించాను.

మళ్లింపు కోడ్‌తో మాకు జరిగింది మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది. మేనేజరుగారు ఒకరోజు టీకి వెళ్తూ తన కాల్స్ క్యాంటీన్‌కి మళ్లించి, రద్దు చేయడం మరిచి, గదికి తాళం వేసి మూడు రోజులు క్యాంపుకి వెళ్లారు. రద్దు ఆయన ఫోనులోంచే చేయాలి. మా బోర్డులో బయటివారు కూడా ఎక్స్‌టెన్షన్ నేరుగా నొక్కే వీలుండేది. ధర మాట్లాడదామని చేసిన పార్టీలకి "ఎన్ని టీలండీ?" అన్న ప్రశ్న ఎదురైంది. క్యాంటీన్ బాబాయి మధ్యాహ్నానికి నా దగ్గరికొచ్చి, ఫ్లాష్ అంటే ఏమిటని అడిగి నేర్చుకున్నాడు. సాయంత్రం నుంచి పొయ్యి మీద పాలు పొంగుతున్నా, "లైన్లో ఉండండి, కలుపుతున్నా" అంటూ ఒక్క కాల్ తెగనివ్వలేదు.